దోసావకాయలో ఉప్పు

సెప్టెంబర్ 5, 2009. శనివారం

ఘోరం. టర్కీ కోడి బర్గర్లు పదహారు పట్టుకెళ్తే పదకొండు వెనక్కొచ్చాయి. రంపప్పొట్టు నయం. స్టేడియం పార్కింగ్ లాట్ నిండా కార్ల డిక్కీలు తెరిచి జనం సాసేజ్‌లు కాలుస్తుంటే ఆ పొగంతా మా వైపే. ఈయన రెండు కొరుకులు కొరికి, నీళ్లు తాగి, "బావుందోయ్" అన్నారు. ఇరవై ఆరేళ్ల కాపురం... ఆ "బావుందోయ్" ఏ రకమో నాకు తెలీదా? పావుగంటకి చూస్తే పక్క కారు వాళ్ల దగ్గర పేపర్ ప్లేటుతో నవ్వుతూ నిలబడ్డారు.

మా అమ్మాయి స్వాతి ఇక్కడ కాలేజీలో చేరినప్పట్నించి, ఆటకి ముందు కార్ల దగ్గరే వండుకు తినే ఈ టెయిల్‌గేట్ ఈయనకి పండగ. గ్రిల్ ఈయనది, తక్కిందంతా నాది. నూనెలో వేయించిన కారం చికెన్ వింగ్స్, బజ్జీలు, చీజ్ డిప్... ఆగస్టులో డాక్టర్ అన్నీ పీకేశాడు. బీపీ, షుగర్ ఎప్పటివో. ఇప్పుడు కిడ్నీలు కూడా "కొంచెం వీక్" అట. ఉప్పు బాగా తగ్గించండి అన్నాడు. నా వైపు చూసి అన్నాడు. వండేది నేనే కదా.

సెప్టెంబర్ 8

వింగ్స్ ఓవెన్‌లో పెట్టాను. బియ్యప్పిండి, మిరియాలు, కరివేపాకు, రెండు చెంచాల నూనె. కరకరలాడాయి! డిప్‌కి క్రీమ్ మానేసి పెరుగు గుడ్డలో మూటకట్టా. వెల్లుల్లి, కొత్తిమీర. చూడ్డానికి అన్నీ ఉన్నాయి. నోట్లో పెట్టుకుంటే ఏమీ లేదు. ఉప్పు లేదు మరి.

సెప్టెంబర్ 10

దొరికింది! గ్రోసరీలో, ఉప్పు పక్కనే. తెల్లగా, అచ్చం ఉప్పులాగే. డబ్బా మీద ఇంతింత అక్షరాలు - సోడియం లేదు అని. ఇన్నాళ్లూ కళ్లు ఎక్కడ పెట్టుకున్నానో.

ఈయనకి చెప్పలేదు. చెప్తే మొదటి ముద్దకే పేచీ. ఉప్పు సీసా ఖాళీ చేసి ఇది పోసేశా. నా దొంగతనానికి నాకే నవ్వొచ్చింది.

సెప్టెంబర్ 11

"పప్పు చివర్లో చేదొస్తోందేంటోయ్?"

మెంతులు ఎక్కువ పడ్డాయన్నాను.

సెప్టెంబర్ 13

ఈ చేదుని ఎందులో దాచాలి? పొద్దుట్నించీ ఇదే గోల. ఆవపిండి చేతిలోకి తీసుకున్నాక వెలిగింది - బర్గర్ మీద వీళ్లు వేసుకునేదేంటి? మస్టర్డ్, దోసకాయ ముక్కలు. అది మన దోసావకాయే కదా!

పచ్చి దోసకాయ ముక్కలు, ఆవపిండి, కారం, వెల్లుల్లి. నూనె సగానికి సగం. ఉప్పు మాత్రం పచ్చడికి ఎంత పడాలో అంతా. మామూలు ఉప్పయితే అంతంత వెయ్యడానికి చెయ్యి వచ్చేది కాదు. ఇదయితే భయమేముంది? కప్పు నిండా కొలిచి వేశా. రుచి చూశా. చేదు లేదు, ఆవఘాటులో కలిసిపోయింది.

సెప్టెంబర్ 19. శనివారం

ఒక్క బర్గర్ మిగిల్తే ఒట్టు! టర్కీ మాంసంలో సన్నగా ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పైన దోసావకాయ. పక్క కారు తెల్లాయన ముక్కు ఎగబీలుస్తూ మూడోది అడిగాడు. పక్కింటి పద్మ ఊరుకుంటుందా - "ఏం మంత్రం వేశావే, ఇది డైట్ ఫుడ్ అంటే ఎవరు నమ్ముతారు?" పద్మకి కూడా చెప్పలేదు. ఈయన గ్రిల్ దగ్గర్నించి గరిటె ఊపుతూ "మా ఆవిడ!" అని అరిచారు. అంతే అన్నారు. నలుగురూ తిరిగి చూశారు. సిగ్గేసింది. బావుంది.

సెప్టెంబర్ 24

దోశలోకి అదే. పెరుగన్నంలోకి అదే. వట్టిది కూడా తినేస్తున్నారు, చెంచాతో. తిననీ పాపం.

అక్టోబర్ 1

బ్లడ్ టెస్ట్ రిజల్ట్ అని ఫోన్. ఈసారి పొటాషియం ఎక్కువుందట. ఇదేం కొత్త గొడవ? అరటిపళ్లు, కొబ్బరినీళ్లు, టమాటా, బంగాళాదుంప - అన్నీ బంద్. రెండు వారాల్లో మళ్లీ టెస్ట్.

అరటిపళ్లు తీసి పద్మకిచ్చేశా. ఇక రుచి ఎక్కణ్ణించి తేను? ఆవకాయే దిక్కు. రెండో సీసా కలిపాను.

అక్టోబర్ 7

కాళ్లల్లో సత్తువ లేదంటున్నారు. మెట్లెక్కి మధ్యలో కూర్చున్నారు. "వయసోయ్" అని నవ్వారు. శనివారం మానేద్దామా అంటే కొట్టేటట్టు చూశారు.

అక్టోబర్ 12. సోమవారం

శనివారం సంగతి ఇప్పుడు రాస్తున్నా. ఐసీయూ బయట, కుర్చీలో.

గ్రిల్ అప్పుడే వెలిగించారు. వింగ్స్ ట్రే అందించాను. అందుకోలేదు. నా వైపు చూస్తూనే కూలిపోయారు. వింగ్స్ అన్నీ కింద. పక్క కారు ఆమె నర్సట, పరిగెత్తుకొచ్చి ఛాతీ మీద నొక్కుతూ లెక్కపెడుతోంది. నాకు అంకెలు వినిపిస్తున్నాయి, ఏ భాషలోనో అర్థం కాలేదు.

గుండె ఆగిపోయింది. ఆగిపోయి మళ్లీ కొట్టుకుంది. పక్కటెముకలు రెండు విరిగాయి. విరిగితే విరిగాయి, మనిషి ఉన్నారు.

అక్టోబర్ 13

నిన్న డాక్టర్ బయటికొచ్చాడు. పొటాషియం మరీ పెరిగి గుండె ఆగిందట. ఆ బీపీ మాత్రలకి, ఆ కిడ్నీలకి అది బయటికి పోదు, లోపలే పేరుకుంటుంది అన్నాడు. "ఇంట్లో సాల్ట్ సబ్‌స్టిట్యూట్ ఏమన్నా వాడతారా? అందులో సోడియం బదులు ఉండేది పొటాషియమే."

స్వాతి వెంటనే "నో, మా అమ్మ అంతా ఫ్రెష్‌గా వండుతుంది" అంది.

పద్మ నా పక్కనే, నా భుజం మీద చెయ్యి వేసి.

మధ్యాహ్నం అడిగితే సాయంత్రం దాకా నోరు పెగల్లేదు. లోపల ఆయన ప్రాణం మీదికి తెచ్చిన కారణం వెతుకుతుంటే, కారణం బయట కుర్చీలో కూర్చుని కాఫీ తాగింది.

పద్మ వెళ్లాక కారిడార్‌లో స్వాతికి చెప్పా.

"అమ్మా... వెనక వైపు చదవలేదా? డాక్టర్‌ని అడగమని రాసి ఉంటది."

ముందు వైపే చదివానమ్మా. పెద్దక్షరాలే చదివాను.

అదే వెళ్లి డాక్టర్‌తో చెప్పింది. డాడీకి అమ్మే చెప్తుంది అని కూడా చెప్పింది.

అక్టోబర్ 17

కళ్లు తెరిచారు. మొదటి మాట - "వింగ్స్ మాడిపోయాయా?"

అక్టోబర్ 22

ఇంటికి తెచ్చాం. డైటీషియన్ ఇచ్చిన కాయితాలు చూడకుండానే నా చేతిలో పెట్టారు. "ఇవన్నీ మా ఆవిడ చూసుకుంటుంది." ఆ పిల్ల నవ్వింది. నేను కూడా నవ్వినట్టున్నాను.

ఉప్పు సీసా, ఆవకాయ సీసా, డబ్బా - అన్నీ స్వాతి పారేసింది. నన్ను ముట్టుకోనివ్వలేదు.

అక్టోబర్ 25

ఇవాళ దగ్గర కూర్చోమన్నారు. "నీకో నిజం చెప్పాలోయ్. తిట్టకు."

డాక్టర్ వద్దన్నాక కూడా ఆఫీసులో రోజూ ఒక అరటిపండు తినేవారట. ఒక్కటే కదా అని. "నువ్వంత కష్టపడి వండి పెడుతుంటే... నేను చేసిన పనికి నువ్వూ పిల్లా అంత ఏడ్చారు. తప్పయిపోయింది." నా చెయ్యి తీసి కళ్లకి అద్దుకున్నారు. వేళ్లు తడిశాయి.

కాదండీ అనాలి. ఒక్క మాట. నోటి దాకా వచ్చింది.

"పోనీలెండి" అన్నాను.

పోనీలెండి! క్షమించేశాను, మహాతల్లిని నేను! థూ, నా బతుకు.

అక్టోబర్ 28

ఫోన్‌లో పద్మతో అంటున్నారు: "ఆవిడ తప్పేం లేదమ్మా, నా నాలికే నన్ను చంపబోయింది."

బాత్రూంలోకెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను.

నవంబర్ 1

స్వాతి: "వన్ వీక్, అమ్మా. డాడీ నాకు కూడా సారీ చెప్తున్నాడు. నేను వినలేను. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా."

చెప్తే ఆయన కోప్పడతారని కాదు నా భయం. కోప్పడితే బతికిపోతాను. ఇక నా చేతి కూడు ధైర్యంగా ఎలా తింటారు? అదీ నా భయం. చెప్పకపోతే... ఆ తప్పు మోస్తూ తింటారు. ఏం చేసినా ఆ కంచంలోకే పోతుంది.

నవంబర్ 7. శనివారం

గేమ్ టీవీలో. సౌండ్ తగ్గించి చూస్తున్నారు, అరిస్తే పక్కటెముకలు నొప్పి. ఇడ్లీ పెట్టాను. చట్నీ చాలా తక్కువ.

ఇంటికొచ్చినప్పట్నించి కొత్త అలవాటు. ఏది పెట్టినా ముందు చేత్తో పట్టుకుని నా మొహం చూస్తారు. "ఇది తినొచ్చా?" పార్కింగ్ లాట్‌లో ముక్కూ మొహం తెలీని వాళ్ల ప్లేట్లోంచి కూడా లాక్కుని తినే మనిషి. ఇప్పుడు మంచినీళ్లకి కూడా నన్ను అడుగుతారు. నేను తలూపితే కళ్లు మూసుకుని మింగుతారు.

పొద్దున మూడుసార్లు మొదలుపెట్టాను. "ఏవండీ" దాకా వచ్చాను.

స్వాతి సగం ఆటకల్లా వస్తానంది. ఇప్పుడే వాకిట్లో కారు ఆగింది. డోర్ వేసిన చప్పుడు.

ఆయన ఇడ్లీ ముక్క తుంచి, పైకెత్తి, నా వైపు చూస్తున్నారు -

"తినొచ్చా?"