పదకొండో గడిలో ఫోటో

పురపాలక కార్యాలయం సహాయనిధి గుమస్తాగారికి, ఏడు బల్లల హోటల్ యజమాని నమస్కరించి రాసుకునేది.

అయ్యా, మహమ్మారి వల్ల మూతపడ్డ బార్లకీ హోటళ్ళకీ మీరు సహాయం ఇస్తున్నారని తెలిసి దరఖాస్తు పంపుతున్నాను. మా హోటల్ మూసి నాలుగు నెలలైంది. వంటవాడు, అంటే మా బావమరిది, తోపుడుబండి మీద కూరగాయలు అమ్ముకుంటున్నాడు. గరిట పట్టాల్సిన చేత్తో వాడు తక్కెడ పట్టుకుంటే నాకు ఏడుపొస్తోంది. గది యజమాని నెలాఖరు దాకా గడువిచ్చాడు. ఈలోగా మీ ఆఫీసు ముద్ర ఉన్న మంజూరు కాగితం ఏదో ఒకటి చూపించకపోతే గదిని మందుల షాపుకి ఇచ్చేస్తానన్నాడు. పంతొమ్మిదేళ్ళుగా నడుస్తున్న హోటలండీ. అది పోతే నాకు ఇంకో పని చేతకాదు.

దరఖాస్తులో పదకొండో గడి చూసి మా ఆవిడా నేనూ పూటంతా తలలు పట్టుకు కూర్చున్నాం. "గత ముప్పై రోజుల్లో తీసిన, కస్టమర్లు కూర్చుని ఉన్న హోటల్ ఫోటో" అని ఉంది. నాలుగు నెలలుగా ఎవరినీ రానివ్వొద్దన్నది మీరే కదా. అయినా అడిగారు కాబట్టి ఫోటో జత చేశాను. ఎలా తీశానని మాత్రం అడక్కండి.

ఇట్లు,
మీ దయకోసం ఎదురుచూస్తున్న
హోటల్ యజమాని

తా.క.: "హోటల్ ఎందుకు మూశారు?" అన్న గడిలో "మీరు మూయమన్నారు కాబట్టి" అని రాశాను. ఇంతకంటే మంచి కారణం మీ దగ్గరుంటే ఇది కొట్టేసి అది రాసుకోండి.

---

ఏడు బల్లల హోటల్ యజమానికి కార్యాలయం నుంచి తెలియజేయడమైనది.

మీ ఫోటోని భూతద్దం పెట్టి పరిశీలించాం. పద్నాలుగు మంది భుజాలు రాసుకునేలా కూర్చున్నారు. ఒక్కరికీ మాస్కు లేదు. మూసివేత ఉత్తర్వు అమల్లో ఉండగా ఇంతమందిని లోపల పోగెయ్యడమే కాక, ఆ నేరానికి సాక్ష్యం కూడా మీరే మూడు ప్రతుల్లో పంపారు. ఇలాంటి నేరస్తుణ్ణి మా ఆఫీసు ఇంతవరకూ చూడలేదు. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి.

ఇట్లు,
సహాయనిధి గుమస్తా

తా.క.: పద్నాలుగు మందిలో ఒక్కరూ తినడం లేదు. అందరూ గోడకేసి చూస్తున్నారు. భోజనం విషయంలో వాళ్ళకేమైనా అసంతృప్తి ఉందా?

---

గుమస్తాగారికి, ఒళ్ళంతా చెమటలు పట్టి రాస్తున్న ఉత్తరం. నమస్కారాలు.

అయ్యా, వాళ్ళు మనుషులు కారు! పక్క బట్టల కొట్లో చొక్కాలు తొడిగి నిలబెట్టే బొమ్మలు. కొట్టు కూడా మూసే ఉంది కాబట్టి, ఆ షాపాయన "ఊరికే నిలబడి ఏం చేస్తాయి, తీసుకెళ్ళు బావా" అని ఇచ్చాడు. నిలబడడమే తెలిసినవాటిని కూర్చోబెట్టడానికి మా బావమరిది రెండు గంటలు కుస్తీ పట్టాడు. ముగ్గురిని కుర్చీలకి కట్టేశాం. నలుగురికి చేతులే లేవు, ఇంక తినడం ఎక్కడ?

కిటికీ పక్క కుర్చీలో చేతుల్లేని బొమ్మని కావాలనే పెట్టాను. పదకొండేళ్ళుగా ఆ కుర్చీలో ఒక పెద్దమనిషి కూర్చునేవాడు. ఏం వడ్డించినా "ఉప్పు తక్కువ" అని చెయ్యెత్తేవాడు. పేరు తెలియదు, ఊరూ వాడా తెలియదు, మేం ఉప్పుబాబు అనుకునేవాళ్ళం. ఆ కుర్చీలో చెయ్యెత్తలేనివాణ్ణి ఒక్కసారి చూడాలని నా కోరిక. తీరా చూశాక ఏమీ బాగాలేదండీ. ఆయన చెయ్యి లేకపోతే నా హోటల్ నా హోటల్లా లేదు.

ఇట్లు,
నేరం ఎరుగని
హోటల్ యజమాని

తా.క.: "ఒక్కరికీ మాస్కు లేదు" అని రాశారు. రెండో బల్ల దగ్గర ఎర్ర గౌనావిడకి తలే లేదు. మాస్కు ఎక్కడ తగిలించమంటారో దయచేసి తెలపండి.

---

ఏడు బల్లల హోటల్ యజమానికి కార్యాలయం నుంచి తెలియజేయడమైనది.

మీ సంజాయిషీ అందింది. అయితే అది అందేలోపే ఫోటో ఆరోగ్య విభాగానికి వెళ్ళిపోయింది. వాళ్ళ జాబితాలో పద్నాలుగు మంది ఎక్కేశారు. జాబితాలో ఎక్కినవారు పరీక్షలో నెగ్గి బయటికి రావాలే తప్ప, మనిషి కాదన్న కారణంతో పేరు కొట్టేసే పద్ధతి లేదు. కాబట్టి పద్నాలుగు మందినీ మీ హోటల్లోనే క్వారంటైన్‌లో ఉంచుతారు. సిబ్బంది వచ్చినప్పుడు తలుపు మీరే స్వయంగా తియ్యాలి.

ఇక సహాయం సంగతి. పదకొండో గడి కస్టమర్లని అడుగుతోంది. బొమ్మలు కస్టమర్లు కారు. ఫైలు పెండింగులో ఉంచాం.

ఇట్లు,
సహాయనిధి గుమస్తా

తా.క.: ఎర్ర గౌనావిడకి మాస్కు నుంచి మినహాయింపు ఇస్తూ పై అధికారి సంతకం చేశారు. తల ఎప్పుడు పెట్టుకుంటే అప్పుడు మాస్కు తప్పనిసరి.

---

గుమస్తాగారికి, మీ పుణ్యమా అని జైల్లో ఉన్నవాడి నమస్కారం.

మొన్న పొద్దున ఆరోగ్య విభాగం వాళ్ళు వచ్చారు. తలుపు తీశాను. "వీళ్ళు బొమ్మలమ్మా" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "నాకు కనిపించడం లేదా బాబాయ్? లిస్టులో పద్నాలుగు మంది ఉన్నారు, పద్నాలుగు మందినీ చూసే వెళ్ళాలి" అంది నర్సమ్మ. ముక్కులో పుల్ల పెట్టబోతే రంధ్రాల్లేవు. "ముక్కు పూర్తిగా మూసుకుపోయింది" అని రాసుకుంది. ఎర్ర గౌనావిడ పేరు ఎదురుగా "సహకరించలేదు" అని రాసింది. తలుపు తీసిన పాపానికి నన్ను పదిహేనోవాడిగా లోపలే ఉంచి, బయట ఎర్ర కాగితం అంటించి వెళ్ళారు.

మా ఆవిడ కిటికీ అవతల నిలబడి నన్ను తిడుతోంది. ఆ తిట్లలో ప్రేమ ఉందని నాకు తెలుసు, కానీ తిట్లే ఎక్కువున్నాయి. నెలాఖరుకి ఇంక ఆరు రోజులే ఉన్నాయి. గది యజమాని నిన్న వచ్చి కిటికీలోంచి కొలతలు తీసుకున్నాడు. అప్పుడు మాత్రం నాకు నిజంగా కన్నీళ్ళు ఆగలేదు. పద్నాలుగు మందీ చూస్తూనే ఉన్నారు, ఒక్కరూ ఓదార్చలేదు.

ఇంకొకటి. పూటకి పదిహేను భోజనం పొట్లాలు మీ తరఫున వస్తున్నాయి. నా గతి ఏమైనా కానివ్వండి, ఈ పొట్లాల సంగతి రాయకుండా ఉండలేను. అన్నం పలుకు, కూర నీళ్ళు. ఇది పెట్టి జబ్బుమనిషిని లేవమంటే ఎలా లేస్తాడు? మిగిలినవి పక్క కొట్టువాళ్ళకి ఇస్తే ఒక్క పూట తిని, రెండో పూటకి "ఆకలి లేదు బావా" అన్నారు. దీన్ని ఫిర్యాదుగా తీసుకోండి, ఏమైనా చేసుకోండి.

ఇట్లు,
క్వారంటైన్‌లో పదిహేనోవాడు

తా.క.: ఆ పొట్లాల్లో అసలు ఉప్పు లేదు. ఇది రాస్తున్నప్పుడు నా చెయ్యి దానంతట అదే పైకి లేచింది. ఉప్పుబాబుకి నా తరఫున ఎవరైనా క్షమాపణ చెప్పాలి.

---

ఏడు బల్లల హోటల్ యజమానికి కార్యాలయం నుంచి అత్యవసరంగా తెలియజేయడమైనది.

ఒకటి: మీ పరీక్షలో జబ్బు లేదని తేలింది. మిగతా పద్నాలుగు మందీ కోలుకున్నట్టు డాక్టరు సంతకం చేశారు. ఈ ఉదయం ఎర్ర కాగితం చింపేస్తారు.

రెండు: క్వారంటైన్‌లో ఉన్న వ్యక్తి భోజనం గురించి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే పాత కాంట్రాక్టు ఆపి, ఫిర్యాదుదారుకి అన్నిటికంటే దగ్గరలో లైసెన్సున్న వంటశాలకి వంట అప్పగించాలని నియమం. మా సిబ్బంది టేపు పెట్టి కొలిచారు. మీకు అన్నిటికంటే దగ్గరలో ఉన్న వంటశాల మీదే. కాబట్టి పేటలో క్వారంటైన్‌లో ఉన్న మూడు వందల పన్నెండు మందికి రేపటి నుంచి మీరే వండాలి. ఆఫీసు ముద్ర వేసిన మంజూరు కాగితం జత చేశాం. ఒక ప్రతి గది యజమానికి నేరుగా పంపాం.

ఇట్లు,
సహాయనిధి గుమస్తా

తా.క.: మూడు వందల పన్నెండులో మీ పద్నాలుగు మంది లేరు. ఈ ఆఫీసుకీ కొన్ని పద్ధతులున్నాయి.

---

గుమస్తాగారికి, చేతికి పిండి అంటుకుని ఉండగానే రాస్తున్న నమస్కారాలు.

అయ్యా, కాగితం చదివి మా ఆవిడ తిట్టడం మర్చిపోయింది. బావమరిది తోపుడుబండిని నేరుగా వంటింట్లోకి తోసుకొచ్చి, మిగిలిన కూరగాయలన్నీ గిన్నెలో పడేశాడు. గది యజమాని మందుల షాపువాణ్ణి పంపించేసి, "నాకూ ఒక పొట్లం ఉంటుందా తమ్ముడూ" అని అడిగాడు. నాలుగు నెలల తరవాత పొయ్యి అంటుకుంటే, పొగకి కాదు, నిజంగానే ఏడ్చాను.

ఒక్కటి అర్థం కావడం లేదు. నేనడిగిన సహాయం ఏమైంది? పదకొండో గడికి ఇంకో ఫోటో పంపనా?

ఇట్లు,
మీ రుణం తీర్చుకోలేని
హోటల్ యజమాని

తా.క.: బొమ్మల్ని తిరిగి ఇచ్చేశాం. ఎర్ర గౌనావిడ వెళ్తుంటే మా ఆవిడ గుమ్మం దాకా సాగనంపింది. ఆరు రోజులు నాతో ఉండి నోరెత్తని ఆడమనిషి ఆవిడొక్కతే అట.

---

బాబూ, హోటలాయనా,

ఇది ఆఫీసు కాగితం కాదు, ఇంట్లోంచి రాస్తున్నాను. ఇంకో ఫోటో పంపొద్దు. సహాయనిధి మీ దరఖాస్తు రాకముందే ఖాళీ అయిపోయింది. పెద్ద బార్ల వాళ్ళు మొదటి రోజే వచ్చి ఊడ్చుకుపోయారు. ఆ మాట రాసి మీ ఫైలు మూసెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు.

డబ్బు మిగిలింది క్వారంటైన్ భోజనాల పద్దులో ఒక్కదాన్లోనే. అది ఆ పొట్లాలవాడి చేతిలో ఉంది. ఆఫీసులో మాకూ అవే పొట్లాలు. నేను తొమ్మిది ఫిర్యాదులు పెట్టాను, ఉద్యోగి ఫిర్యాదు చెల్లదన్నారు. క్వారంటైన్‌లో ఉన్న మనిషి రాయాలి, అతనికి దగ్గరలో వంటశాల ఉండాలి. అప్పుడే మీ ఫోటో వచ్చింది. తల లేని ఆవిడని చూసి కూడా మాస్కు ఏదని అడిగేంత గుమస్తాని కాను నేను. జాబితాలోకి మీరు రావాలంటే ముందు ఆ బొమ్మలు ఎక్కాలి. తలుపు మీరే తియ్యాలని రాసింది అందుకే. ఒక్కసారి ఆ పొట్లం నోట్లో పెట్టుకుంటే మీరు ఊరుకోరని నాకు తెలుసు. మీ వంట పదకొండేళ్ళు తిన్నాను.

నేనేం పని చేస్తానో మీరెప్పుడూ అడగలేదు. ఇంట్లో వండిపెట్టేవాళ్ళు లేరని కూడా నేను చెప్పలేదు. నాలుగు నెలలు ఆ కుర్చీ లేక చాలా కష్టంగా గడిచింది.

మీ హోటల్ తెరిచిన రోజు వస్తాను. ఆ చేతుల్లేనివాడు నా కుర్చీలో మళ్ళీ కనపడకూడదు.

ఇట్లు,
మీ ఉప్పుబాబు

తా.క.: నిన్నటి మీ పొట్లంలో ఉప్పు సరిగ్గా సరిపోయింది. ఈ మాట మీ బావమరిదికి చెప్పకండి.