ఒరగని కారు

అక్కా,

ఫోన్‌లో చెబితే సగంలో "సరేలే, పనుంది" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని మధ్యలో పెట్టెయ్యలేవుగా, అందుకే రాస్తున్నాను. చదవక ఏం చేస్తావో చూస్తాను.

మన దొరసాని షాకబ్జర్లు పోయాయి. జపాన్ స్పోర్ట్స్ కారుకి అమ్మ పెట్టిన ఆ పేరు ఇప్పుడు వీధంతా పాకింది. వెనకవి రెండూ నూనె కక్కుతున్నాయి. గుంటలో దిగిందంటే ఊగి ఊగి గానీ ఆగడం లేదు. అమ్మయితే "దొరసానికి ఊయల కావాల్సొచ్చిందా" అంటోంది. కొండ మీద కార్ల పోటీ దగ్గరపడింది, కొత్తవి కొనాలి. కొనడం పెద్ద పని కాదు, ఏవి కొనాలో తేలకే నాకు కాలు నిలవడం లేదు. వంటింట్లోంచి ముందుగదికి, ముందుగదిలోంచి షెడ్డుకి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. పొయ్యి మీద టీ పెట్టి మరిచిపోయి గిన్నె మాడ్చాను. నేను పనిచేసే కళ్లజోళ్ల షాపులో పొద్దస్తమానం "ఇది బాగా కనిపిస్తోందా, అది బాగా కనిపిస్తోందా" అని అందర్నీ అడిగేదాన్ని, నా దాకా వచ్చేసరికి తేల్చుకోలేకపోతున్నాను.

గ్యారేజీ మావయ్య రెండు రకాలు చూపించాడు. రెండిట్లోనూ స్ప్రింగూ షాకబ్జరూ కలిపి ఒకటిగానే వస్తాయి, ఎత్తు మనమే తిప్పి సరిచేసుకోవచ్చు. ఒక రకం రేసు ట్రాకుల కోసం చేసిన గట్టివి. మలుపులో కారు వేలెడు కూడా ఒరగదు. రెండో రకం కాస్త మెత్తన. మలుపులో ఒరుగుతుంది, కానీ గతుకుల మీద చక్రం రోడ్డుని వదలదు. నువ్వు గట్టివే అంటావని తెలుసు. కానీ మన కొండ రోడ్డు ట్రాకు కాదు కదా! వానలు పడ్డాక దాని మీద వేసిన అతుకులు నువ్వు చూడలేదు. మావయ్య దగ్గరికి మన కారులాంటిదే ఇంకోటి గట్టివి బిగించుకుని వచ్చింది. ఆయన పక్కన కూర్చుని ఒకసారి కొండెక్కాను. నున్నటి చోట పట్టాల మీద రైలులా పోయింది. అతుకులు రాగానే ఎగిరెగిరి పడింది, బ్రేకు తొక్కేసరికి చక్రం గాల్లో ఉంది. "గట్టివి వేయించుకున్నవాళ్లు ఎక్కువ మాట్లాడరమ్మా, నాలిక కరుచుకుంటారు" అన్నాడు మావయ్య. మళ్లీ వెంటనే, "అయినా మీ అక్క ఏవంటే అవే వేద్దాం, నడిపేది తనేగా" అన్నాడు. ఆ మాట విన్నప్పట్నుంచీ నాకు మనసు మనసులో లేదు. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు నువ్వేమంటావో రాయి.

నీ చెల్లి


అక్కా,

నీ జవాబు అందింది. "గట్టివే కొను. కారు ఒరగకూడదు, అంతే. పక్క సీటుదానికి స్ప్రింగుల గొడవెందుకు?" ఇంతేనా? స్టాంపు ఖర్చయినా గిట్టుబాటు కావద్దూ!

మడిచి పెట్టాను, మళ్లీ తీశాను, మళ్లీ మడిచాను. షాపులో ఒక పెద్దాయనకి ఇంకొకరి కళ్లజోడు ఇచ్చి పంపేశాను. ఆయన గుమ్మం తట్టుకుని వెనక్కొచ్చి నన్ను ఒకటే తిట్టడం. నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్లని ఇంటిల్లిపాదికీ తెలుసు, దానికి నేనేమీ అనుకోను. ఆ పక్క సీటు మాటే ముల్లులా గుచ్చుకుంది.

అవును, పక్క సీటుదాన్నే. ఇన్నేళ్లూ నీ పక్కన కూర్చుని "కుడి, ఇరుకు మలుపు, బ్రేకు" అని గొంతు చించుకున్నాను. ఆ కొండ మీద మలుపులన్నీ నాకు నోటికొచ్చు, నీకు రావు. పోయినసారి పోటీలో కంకర మీద జారి, కారు ఒరిగి రోడ్డు పక్క గోతిలో పడుకున్నప్పుడు నేనూ అందులోనే ఉన్నాను. అదృష్టం బాగుండి ఇద్దరికీ గీత కూడా పడలేదు. తప్పు ఎవరిదీ కాదు. కానీ ఆ తర్వాత నువ్వు ఆ మాటే ఎత్తలేదు. ఉద్యోగం అన్నావు, పెట్టె సర్దావు, బస్సెక్కావు. "నీకు భయం వేసిందా?" అని ఒక్కసారి అడగలేదు. వేసింది అక్కా. చాలా భయం వేసింది. అది పోగొట్టుకోడానికే నువ్వు వెళ్లాక దొరసానిని నేను నడపడం మొదలుపెట్టాను. మొదట్లో షాపు దాకానే, తర్వాత్తర్వాత కొండ మీదికి. ఆ భయం పోయి ఇప్పుడు ఇంకోటి పట్టుకుంది. ఆ స్టీరింగు నాకు కావాలి.

అందుకే మెత్తవే కొన్నాను. నిన్న బిగించారు. బిగించాక మావయ్య నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టాడు. సీట్లో డ్రైవరు బరువుంటేనే కారు నాలుగు మూలలా సరిగ్గా తూగుతుందట. మనిషి లేకపోతే అంత బరువుకీ ఇసుక సంచులు వేస్తాడు. "మీ అక్క బరువెంతమ్మా?" అన్నాడు. నోటికి అలవాటుగా చెప్పేశాను. ఆయన సంచులు ఒక్కొక్కటే మోసుకొచ్చి సీట్లో పేరుస్తున్నాడు. చూస్తూ నిలబడ్డాను. ఇక్కడ లేకపోయినా ఆ సీట్లో నువ్వే ఉన్నావు, ఇక్కడే ఉన్నా నేను లేను. ఏడుపొచ్చింది.

"తీసెయ్ మావయ్యా" అన్నాను.

"ఏం, బరువు తప్పు చెప్పావా?"

"బరువు సరిగ్గానే చెప్పాను. నడిపేది అక్క కాదు, నేను" అని వెళ్లి కూర్చున్నాను.

ఆయన నడుం పట్టుకుని, "ఆ ముక్కేదో ఈ సంచులు మొయ్యకముందు ఏడవొచ్చుగా తల్లీ" అని విసుక్కుని, నా బరువుకే సరిచేశాడు.

పోటీకి డ్రైవరుగా నా పేరే ఇచ్చాను. పక్కన కూర్చుని మలుపుల కాగితం చదివే మనిషి ఇంకా దొరకలేదు. తిడితే తిట్టు, పడతాను. ఆ సీటు మాత్రం దిగను.

నీ చెల్లి


ఒసేయ్ మొండిదానా,

నీ ఉత్తరం చూసి ఒళ్లు మండింది. నా సీట్లోంచి నన్ను ఇసుక సంచులతో పాటు దించేశావు. తిరుగుటపాలో నాలుగు దులిపేద్దామని కలం పట్టుకున్నాను. రాసిన కాగితమల్లా చించేశాను. తిట్లు కుదరక కాదు, అవి అబద్ధాలు కాబట్టి.

ఇక్కడికొచ్చాక నేను ఏ బండీ నడపలేదే. ఆఫీసువాళ్లు కారిస్తామంటే చూపు సరిగ్గా లేదని బొంకాను. బస్సులోనే పోతున్నాను. మలుపులో ఆ బస్సు కాస్త ఒరిగినా చాలు, ముందు సీటు కడ్డీని రెండు చేతులా పట్టేసుకుంటాను. పక్కవాళ్లు నావైపు వింతగా చూస్తారు. ఆ రోజుది నాకింకేమీ గుర్తులేదు, కారు నీ వైపు ఒరగడం తప్ప. నువ్వు కిందికి పోయావు, నేను పైకి లేచాను. మలుపు పేరు సగం చెప్పి ఆగిపోయావు. అంతకుముందెప్పుడూ నువ్వు మధ్యలో ఆగలేదు. అయిపోయింది, నా చెల్లెల్ని నేనే చంపుకున్నాననుకున్నాను. ఆ తర్వాత నువ్వు దగ్గావు. నీకు భయం వేసిందా అని ఎలా అడగనే? అడిగితే నా భయం బయటపడదూ!

గట్టివి కొనమన్నది పోటీ గెలవడానికి కాదు. అసలు ఒరగని కారైతే మళ్లీ ఎక్కగలనేమోనని ఆశ. స్ప్రింగుల మీద నీతో పోట్లాడుతున్నంతసేపూ నేనింకా డ్రైవర్నేనని నన్ను నేను నమ్మించుకున్నాను. ఆ పక్క సీటు మాట అందుకే నోరు జారింది. మనసులో పెట్టుకోకు. ఆ రోడ్డుకి మెత్తవే సరైనవి, నాకూ తెలుసు.

సెలవు పెట్టాను. ఆదివారం వస్తున్నాను. చదివే మనిషి దొరకలేదన్నావుగా, నేను కూర్చుంటాను. కాగితం మీదికి తల దించితే నాకు కడుపులో తిప్పుతుంది, ముందే చెబుతున్నాను, తర్వాత దొరసానిని పాడుచేశానని ఏడవకు. పోటీకి ముందు ఒక్కసారి నన్ను కొండెక్కించు. నాకోసం మెల్లగా పోవద్దు, నువ్వు నడిపేట్టే నడుపు. ఆ కంకర మలుపు దగ్గర ఆపమంటాను. తప్పకుండా అంటాను, అరుస్తాను, అమ్మ మీద ఒట్టు కూడా వేస్తాను.

ఆపకు.

నీ అక్క