మా ఇంటి కళ్లు

1979 నవంబర్ 3

డిపోలో కళ్ల పరీక్ష. ఏటా ఉండేదే. గోడకున్న అక్షరాల చార్టు కింది వరుస దాకా తప్పు లేకుండా చదివాను. చివరి వరుసలో చీమ తలంత అక్షరాలు. అవి కూడా. "మంచిగున్నయ్ పో. ఇంక పదేండ్లు బస్సు తోలొచ్చు" అన్నాడు డాక్టరు. బయటికి వస్తూ తలుపు పక్కన బెంచీకి మోకాలు కొట్టుకున్నాను. ఎడమవైపు బెంచీ ఉందని కనపడనే లేదు. కాంపౌండరు నవ్వాడు. నేనూ నవ్వాను.

ఎదురుగా ఉంటే చీమైనా కనపడుతుంది. పక్కన ఉంటే బర్రె కూడా కనపడదు. ఇక్కడ తప్ప ఇంకెక్కడా ఈ మాట రాయలేను. ఎవరికీ చెప్పలేను.

నవంబర్ 11

సెలవు. టేకుమట్లలో దిగి ఊరికి నడిచాను. ఐలయ్యన్న అరుగు మీద తాడు పేనుతున్నాడు. చూపు పూర్తిగా పోయి ఏడేళ్లు. తాడులో ఎక్కడా వదులు లేదు. నా అడుగు వినగానే తల తిప్పాడు. పిల్లలెట్లున్నరు, వానలెట్లున్నయి, ఏమీ లేదు — మొదటి మాటే: "కండ్లెట్లున్నయ్‌ర తమ్మీ?"

"మంచిగున్నయే అన్నా."

తాడుకు మరో రెండు మెలికలు తిప్పాడు. తర్వాత తాడుతోనే చెప్తున్నట్టు — "నాకు ముందుగాల మునిమాపు కనపడకపోయేది. ఎన్కసిరి పక్కలు బోయినయ్. నడిమిట్లది ఆఖరికి బోయింది."

నా చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను. రాత్రి డ్యూటీలు తోటివాళ్లతో మార్చుకోవడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లు.

నవంబర్ 24

తొర్రూరు దాటాక తలుపు దగ్గర నుంచి సాంబయ్య — "మామా, ఎడమకు సైకిలు." మామూలు గొంతే. అక్క కొడుకు, నా భార్య కౌసల్యకు తమ్ముడు, నా బస్సుకు కండక్టరు. ఈమధ్య రోజుకు పదిసార్లు అంటున్నాడు. ఎడమకు సైకిలు. కుడికి మేకలు. ఎందుకంటున్నావురా అని అడగడానికి భయం.

డిసెంబర్ 2

అరవై తొమ్మిదిలో జరిగిన తెలంగాణ గొడవలు గుర్తొస్తున్నాయి ఊరికే. అప్పటికి కొత్త డ్రైవరును. జనగామ స్టేషను రోడ్డులో కుడి పక్క నుంచి రాయి వచ్చింది. కంటి కొసన చూసి తల వంచాను. అద్దం పగిలింది, నేను పగల్లేదు. రాయి విసిరిన పిల్లవాడి చొక్కా రంగు కూడా చూశాను — పచ్చది.

ఆ కంటి కొస ఎటు పోయింది…

డిసెంబర్ 14

హైదరాబాద్. కౌసల్యకు పంటి నొప్పి అని చెప్పి వెళ్లాను. పెద్ద కళ్ల దవాఖాన. చుక్కల మందు వేశారు, చీకటి గదిలో కూర్చోబెట్టారు. డాక్టరు నా ముక్కుకు ఎదురుగా తన ముక్కు పెట్టి, ఒక వేలును పక్క నుంచి మెల్లగా తెచ్చాడు. "కనపడగానే చెప్పండి." నేను చెప్పేసరికి వేలు దాదాపు ముక్కు దగ్గరికి వచ్చేసింది.

"మీ అమ్మానాన్నలు దగ్గరి చుట్టాలా?"

"మా అవ్వకు మా నాయిన సొంత మేనమామ."

"మీ భార్య?"

"అక్క బిడ్డ."

కలం కింద పెట్టాడు. కాగితం మీద గుండ్రాలు గీసి చెప్పాడు. ఒంట్లో ప్రతిదానికీ రెండు ప్రతులుంటాయట — ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది, మనిషికి తెలియను కూడా తెలియదు. రెండూ చెడినవే వస్తే ఇలా. ఒకే ఇంట్లో ఇచ్చి పుచ్చుకుంటే, ఆ ఒకే చెడ్డ ప్రతి రెండు వైపుల నుంచీ వచ్చి కలుస్తుంది.

మందు? లేదు. ఆపరేషను? లేదు. ఎన్నేళ్లు? చెప్పలేను. పిల్లలు? అమ్మాయి ఉంది. ఏం పని చేస్తారు?

"గుమాస్తా" అన్నాను.

లేచేటప్పుడు అన్నాడు, "మీ అమ్మాయిని ఒకసారి తీసుకురండి."

డిసెంబర్ 15

తేను. ఎందుకు తేవాలి. పద్మ పదిహేడేళ్ల పిల్ల. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తుంది.

డిసెంబర్ 27

మా నాయిన చూపు బాగుండేది. గుట్ట మీద మేసే మేకల్లో మనది ఏదో ఇంటి ముందు నుంచే చెప్పేవాడు. అవ్వ చనిపోయే దాకా బియ్యంలో రాళ్లు ఏరింది. ఇద్దరికీ ఏమీ కాలేదు. ఇద్దరిలోనూ దాక్కుంది. అన్నలో, నాలో బయటపడింది. అక్కను వదిలేసింది — లేక అక్కలోనూ దాక్కుందా.

మా ఇంటి ముక్కు అని ఊళ్లో అందరూ అంటారు. కొస కొంచెం వంగి ఉంటుంది. నాయినది, అన్నది, అక్కది, నాది, కౌసల్యది, సాంబయ్యది, పద్మది. అందరం కలిసి దిగిన ఫోటో చూసి ఎంత సంబరపడేవాళ్లమో. ముక్కు ఏ దారిన వచ్చిందో ఇదీ ఆ దారినే వచ్చింది.

1980 జనవరి 13

అక్క వచ్చింది. గాజులు, రెండు చీరలు. కూర్చోకముందే — "పద్మను మా సాంబయ్యకు చేసుకుంట. బయటోళ్లకెందుకిస్తవ్‌ర తమ్మీ? ఇంట్ల పిల్ల ఇంట్లనే ఉంటది."

కౌసల్య ముఖం వెలిగిపోయింది. సొంత తల్లి, సొంత తమ్ముడు, సొంత బిడ్డ. ఇంకేం కావాలి దానికి.

"ఇప్పుడే వద్దక్కా" అన్నాను.

"ఎందుకొద్దు? పిల్లగానికేం తక్కువ? తాగుతడా?"

నా కళ్ల సంగతి చెప్తే సాంబయ్యకు తెలుస్తుంది, సాంబయ్యకు తెలిస్తే డిపోకు తెలుస్తుంది, డిపోకు తెలిస్తే ఇంట్లో పొయ్యి వెలగదు, ఊళ్లో అన్నకు ముద్ద ఉండదు. చెప్పకపోతే పెళ్లి.

చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి. గాజుల మూట మళ్లీ కట్టుకుంటూ నా వైపు చూడలేదు.

జనవరి 15

కౌసల్యకు నా మీద కోపం. అన్నం పెడుతుంది, గిన్నె చప్పుడు చేస్తుంది.

ఫిబ్రవరి 5

ఈరోజు బస్సులో యాభై మందికి పైనే. తొర్రూరు బడి పిల్లలు కిటికీల నిండా. కూడలి దగ్గర తల పూర్తిగా ఇటు తిప్పి, అటు తిప్పి, మళ్లీ ఇటు తిప్పి… "మెడ పట్టిందా డ్రైవరన్నా?" అన్నది ఒక పిల్ల.

దిగిపోవాలి. ఈ నెల జీతం తీసుకుని దిగిపోవాలి. పోయిన నెలా ఇదే అనుకున్నాను.

ఫిబ్రవరి 16

గ్రహణం.

సగం మంది డ్యూటీకి రాలేదు. మమ్మల్ని మానుకోటకు పొమ్మన్నారు. బస్సులో ముగ్గురే. ఒక ముసలాయన, నెత్తి మీద కొంగు కప్పుకున్న ఇద్దరు ఆడవాళ్లు. ఊళ్లన్నీ తలుపులు మూసుకున్నాయి. మూడు దాటాక ఎండ పాలిపోయింది. ఇంకాస్త సేపటికి అందరికీ మునిమాపైంది, నాకు మాత్రం చీకటి. రోడ్డు లేదు. చెట్లు లేవు. బ్రేకు మీద కాలు ఉందో లేదో కూడా…

"మామా, ఆపు! ఆపు!"

ఆగింది. దిగి చేత్తో తడుముతూ ముందుకు వెళ్లాను. బంపరుకు జానెడు దూరంలో సైకిలు. ఎవరో ఒకతను ఇంటికి నడిపించుకు పోతున్నాడు, వెనక క్యారియరు మీద బిడ్డ. సూర్యుణ్ణి చూడకుండా దాని కళ్లు అరచేత్తో మూసి పట్టుకున్నాడట. బస్సు రావడం ఆ పిల్లకూ తెలియదు, నాకూ తెలియదు. "కనపడ్తలేదా అయ్యా?" అన్నాడు. తిట్టినా బాగుండేది.

వెలుతురు వచ్చేదాకా రోడ్డు పక్కన కూర్చున్నాం. నేనే మొదలుపెట్టాను, సాంబయ్య పూర్తి చేయనివ్వలేదు.

"నాకెరుకనే మామా. రెండేండ్ల సంది ఎరుక."

"మరి డిపోల చెప్పకపోతివి?"

"ఎట్ల చెప్త? నువ్వు తోల్లేకపోతే నేనున్న గద. పద్మను చేసుకుంట. ఇల్లు నేను చూసుకుంట. పెద్దమామకు గూడ నేనే పెడ్త."

అప్పుడు డాక్టరు చెప్పింది చెప్పాను. రెండు ప్రతులు, దాక్కోవడం, అంతా.

"నా కండ్లు మంచిగున్నయ్ గద."

"మా నాయినయి గూడ మంచిగనే ఉండెర."

వాడు టికెట్ల సంచీ ఒళ్లో పెట్టుకుని మట్టిలో వేలితో గీతలు గీశాడు. తర్వాత వెలుతురు వచ్చింది. మానుకోట దాకా ఎడమ, కుడి చెప్తూనే ఉన్నాడు.

ఫిబ్రవరి 17

నిన్న నేను ఇంటికి వచ్చేసరికి పద్మ మోచేతికి పసుపు. తలుపులు మూసుకుని కూర్చున్నారట. వెలుతురు మందగించగానే పద్మ మంచినీళ్లకు లేచి గడప తట్టుకుని పడిందట. "మాకందరికి కనపడుతనే ఉండె. దీనికే కనపడకపాయె" అని కౌసల్య ఏడుపు. కిటికీ సందులోంచి గ్రహణం చూసి ఉంటుందని, కళ్లకు గ్రహణం పట్టిందని, శాంతి చేయించాలని.

పద్మను వాకిట్లో కూర్చోబెట్టి అడిగాను. ఎప్పట్నుంచి బిడ్డా?

"చిన్నప్పటి సంది గంతే నాయినా. పొద్దుగూకితె ఎవ్వలకు కనపడదు గద?"

కనపడుతుంది బిడ్డా, అందరికీ కనపడుతుంది అన్నాను. నమ్మలేదు. మళ్లీ అడిగింది, "అవ్వకు గూడనా?"

ఫిబ్రవరి 18

డిపో మేనేజరు దగ్గరికి వెళ్లి చెప్పేశాను. నాకు చూపు తక్కువ, బస్సు ఇవ్వొద్దు అని. డాక్టరును పిలిచాడు. మళ్లీ అదే చార్టు. మళ్లీ చివరి వరుస దాకా చదివాను. ఎంత ప్రయత్నించినా తప్పు రావడం లేదు.

"కింది లైను చదువుతవ్, కండ్లు కనపడవంటవ్. గ్రహణానికి భయపడ్డవా? లైటు డ్యూటీ కావాల్నంటే అడుగు, కథలు చెప్పకు" అన్నాడు మేనేజరు.

రేపు అయిదింటికి డ్యూటీ వేశాడు. దొంగతనం చేసినన్నాళ్లూ దొర అన్నారు. నిజం చెప్తే దొంగ అంటున్నారు.

ఫిబ్రవరి 19

పోలేదు.

ఫిబ్రవరి 27

సస్పెండు కాగితం. చెప్పకుండా డ్యూటీ ఎగ్గొట్టినందుకట. ఆ మాట ఒక్కటే చాలాసార్లు చదివాను. చెప్పకుండా.

మార్చి 10

హైదరాబాద్, పద్మతో, కౌసల్యతో. అదే గది, అదే వేలు. పద్మ నాకన్నా ముందే చెప్పింది వేలు కనపడిందని — ఒక జానెడు ముందు. ఆ జానెడు చూసి నాకు ఆశ పుట్టింది. డాక్టరు తల ఊపాడు. "అదే జబ్బు. ఇంకా మొదట్లో ఉంది."

కౌసల్య అడిగింది, "ఈయన నుంచే వచ్చిందా సారూ?"

"ఒక్కరి నుంచి రాదమ్మా. ఇద్దరి నుంచీ రావాలి."

తిరుగు ప్రయాణంలో జనగామ దాకా కౌసల్య ఒక్క మాటే. "నేనేం జేసిన?" నన్ను అడగలేదు. కిటికీని అడిగింది.

సాంబయ్య సంగతి కూడా అడిగాను డాక్టరును. వాడిలో ఉండొచ్చు, ఉండకపోవచ్చు. తెలుసుకునే పరీక్ష లేదు. ఉంటే పుట్టే పిల్లల్లో ఇద్దరికొకరు.

ఏప్రిల్ 2

డాక్టరిచ్చిన సర్టిఫికెట్ డిపోలో ఇచ్చాను. సస్పెన్షను తీసేశారు. ఉద్యోగం నుంచీ తీసేశారు. నిన్నటి దాకా అబద్ధం, ఈరోజు అన్‌ఫిట్. లైటు డ్యూటీ లేదట.

ఏప్రిల్ 9

పద్మకు చూసిన తొర్రూరు సంబంధం వెనక్కి పోయింది. బడిలో గుమాస్తా, మంచి పిల్లవాడు. సంగతి ముందే చెప్పాను, దాచలేదు. వాళ్లు టీ సగం తాగి లేచారు. చెప్పకుండా ఉండాల్సిందని కౌసల్య. దాచి ఇస్తే ఎన్నాళ్లు…

పద్మ కప్పులు తీసుకెళ్లింది. పక్కనున్న ముక్కాలి పీట కనపడక తట్టుకుంది. ఒక్క కప్పు పగల్లేదు.

ఏప్రిల్ 20

ఊరికి పోయాను. అన్నకు చెప్పాను, పద్మకు కూడా అని. తాడు ఆగింది. ఇన్నేళ్లలో ఆయన ఏడవడం ఇవాళే చూశాను. "నీకొస్తదని నాకెరుకరా. నువ్వు చీకట్ల తడుములాడుడు నాకు చూపున్నప్పుడే చూసిన. చెప్తె బస్సు ఇడుస్తవని చెప్పకపోతి. నీ తిండి తిన్న గద."

అన్నకూ నాకూ కలిపే పెట్టు అన్నాను వదినతో. ఇద్దరం ఒక కంచం దగ్గర కూర్చున్నాం.

మే 4

సాంబయ్య వచ్చాడు. వేరే డ్రైవరుతో వెళ్తున్నాడు ఇప్పుడు. మానుకోట నుంచి మామిడికాయలు తెచ్చాడు. పద్మ లోపల ఉందని తెలిసి కూడా గట్టిగానే అన్నాడు — "అన్ని ఎరుకయ్యే అడుగుతున్న మామా. పిల్లలు వద్దంటే వద్దు. ఉంటే ఎట్లుంటె గట్ల సాదుకుంట. బయటోడెవ్వడు గిట్ల అంటడు చెప్పు?"

ఎవడూ అనడు. నేను ఎవరికి ఇవ్వకూడదో వాడొక్కడే అడుగుతున్నాడు. పిల్లలు వద్దనే మాట ఇరవై నాలుగేళ్లకు అనొచ్చు. అక్క ఊరుకుంటుందా. పద్మ ఊరుకుంటుందా. ఒక బిడ్డ పుట్టి, మునిమాపు వేళ నీళ్ల కోసం లేచి…

వద్దని చెప్పలేకపోయాను. సరే అని చెప్పలేకపోయాను. అక్కను తోలుకొని వస్తానని పోయాడు.

మే 11

రేపు పొద్దున అక్క వస్తోంది, మాట తీసుకోవడానికి. మాట ఇవ్వకపోతే ఇక ఈ గడప తొక్కనని కబురు.

అన్నం తిన్నాక పద్మ దగ్గరికి వచ్చి కూర్చుంది. కౌసల్య వంటింట్లో గిన్నెలు తోముతోంది. పద్మ అడిగింది —

"నాయినా, అవ్వను చేసుకునేటప్పుడే నీకు గిదంత ఎరుకైతే, చేసుకోకపోతుంటివా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

లేదు, చేసుకునేవాణ్ణే అంటే — తెలిసి కూడా ఈ కళ్లు నీకు ఇచ్చేవాణ్ణి అని. అవును అంటే నువ్వు ఉండేదానివి కావు అని.

ఇంకా కూర్చునే ఉంది. నేను ఇది రాస్తున్నాను.