పామును పురుగన్నందుకు

వేట నిషేధానికి ముందు రాత్రి

నేను చెప్పేది రాసుకో సునీతా, తప్పు నీది కూడా. నేల మీద పాకేది సముద్రంలోకి పోయి తోకను తెడ్డులా ఎలా మార్చుకుందో చదవడానికే మా ఇంట్లో దిగావు. వలలో పడితే చెప్పమన్నావు. నిన్న దీపాలు పెట్టాక ఫోన్ చేసి, "పురుగు పడుండాది, బిన్నా రామ్మా" అని తొందరపెట్టాను. చేపలకు పురుగు పట్టిందనుకుని నువ్వు రాలేదు. మావాళ్లు దాన్ని నీళ్లలోకి విసిరేశారు.

పొద్దున ఏడ్చావు. "పేరు పెట్టి చెప్పొచ్చు కదా అవ్వా! రేపటి నుంచి వలలే వెయ్యరు. నా చదువు ఏం కావాలి?"

"పొద్దుగూకినాక పేరెత్తితే ఇంట్లోకే వస్తాది. మీ అమ్మ నేర్పలేదా?"

అన్నానే గానీ, నీ చదువు చెడగొట్టింది నేనే. ఈ కాగితం మీద అసలు పేరే రాసుకో. నాకెలాగూ చదవడం రాదు. పైకి చదివావో, ఊరుకోను.