ఏప్రాన్ మీద పిండి చల్లిన సంగతి

రాష్ట్ర బ్యాంకుల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,
మిల్ ఫోర్క్ ఊరు, మెయిన్ వీధిలో రొట్టెల దుకాణము నడుపుకొను డెలోరిస్ హవ్రానెక్ వ్రాయించి పంపుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా ఊరి బ్యాంకు శాఖను మూసివేయుటకు అనుమతి ఇచ్చుటకు ముందు తమరు స్వయముగా వచ్చి ఊరివారి మాట వినవలెననియు, శాసనసభలో నా పేరిట చెప్పబడిన మాటలు నావి కావని నమోదు చేయవలెననియు కోరుట గురించి.

పై విషయమై నేను సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. నాకు కళ్ళు సరిగా కనిపించవు. చూపులో నడిమధ్యన మసక. పక్కలవి తెలుస్తాయి గానీ ఎదుటి మనిషి ముఖం తెలియదు. కారు లైసెన్సు నేనే తిరిగి ఇచ్చేశాను. రోడ్డు దాటితే బ్యాంకు కనుక ఇన్నాళ్ళూ దుకాణం నడుస్తోంది. కౌంటర్ దగ్గర పనిచేసే పిల్లలు కాగితాలు చదివి వినిపిస్తారు, ఎక్కడ సంతకం పెట్టాలో వేలు పట్టుకుని చూపిస్తారు. ఈ శాఖ పోతే తరువాతి శాఖ నలభై మైళ్ళ అవతల ఉన్నది. ఫోనులో చేసుకోవచ్చు గదా అని తమరు సెలవిస్తారేమో. ఆ ఫోనులో అక్షరం నాకు కనపడితే తమరికి ఈ శ్రమ ఇవ్వను. కాబట్టి శాఖ మూతపడిన నాడు నా దుకాణమూ మూతపడును. ఇందులో దాపరికం ఏమీ లేదు.

2. సదరు శాఖలో కెండ్రా సోబోట్కా అను పిల్ల అప్పుల అధికారిగా పనిచేయుచున్నది. మా దుకాణం మెట్ల మీద పెరిగిన పిల్ల. ప్లమ్ పళ్ళ గుజ్జు పెట్టిన కొలాచీ బన్నులు ట్రేలోంచి ఎత్తుకుపోయి, మూతికి అంటించుకుని, నేను తినలేదని దబాయించిన పిల్ల. బ్యాంకులో చేరాక మాత్రం ముక్కుసూటి మనిషి అయింది. "ఆంటీ, ఈ కాగితం మీద సంతకం పెట్టకండి, మీకు నష్టం" అని మేనేజరు వింటుండగానే చెప్పేది. అటువంటి పిల్లను పైవాళ్ళు ఏరి "రేపటి నాయకులు" అనే శిక్షణకు పంపారు. యువ బ్యాంకు ఉద్యోగులకు నాయకత్వమూ, శాసనసభ్యుల ముందు బ్యాంకుల తరఫున వాదించే నేర్పూ నేర్పుతారట.

ఏం నేర్పారో ఏమో గానీ అయ్యా, పిల్ల పాడైపోయింది. పిండి కలిపే కొత్త మిక్సరుకు అప్పు దొరుకుతుందా అని అడిగితే "మీ మాట నేను పూర్తిగా వింటున్నాను ఆంటీ" అంటుంది. వింటున్నావని తెలుసే, చెవులున్నాయిగా, జవాబు చెప్పి చావు అన్నాను. "మీ ఆందోళనను గౌరవిస్తున్నాను" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పిండి ముద్ద విసరబోయి ఆగాను. (ఈ మాట అర్జీలో వద్దు అంటున్నారు రాసిపెట్టేవారు. ఉండనివ్వమన్నాను.)

3. ఫిబ్రవరి మాసములో సదరు నాయకులందరినీ రాజధానికి తీసుకుపోయి శాసనసభ్యుల ముందు నిలబెట్టినారు. ఒక్కొక్క నాయకుడు తనవెంట ఒక ఖాతాదారును తేవలెనని నియమము. కెండ్రా నన్ను అడిగింది. "చిన్న దుకాణాలకు మేలు చేసే చట్టం ఆంటీ, మీరు పక్కన కూర్చుంటే చాలు" అంది. నమ్మాను. నీలం గౌను ఇస్త్రీ చేసుకున్నాను, మా అమ్మ గాజురాళ్ళ బ్రోచ్ పెట్టుకున్నాను, జుట్టు సెట్ చేయించుకున్నాను. శాసనసభకు పోతున్నాను గదా, మనిషిలా ఉండాలి గదా.

అక్కడ వీళ్ళకు శిక్షణ ఇచ్చే ప్రెస్టన్ గేల్ అనువాడు నన్ను చూసి నీరుగారిపోయాడు. "మన కథకు హీరో ఈవిడేనా? రొట్టెలు చేసే మనిషిలా లేరే?" అన్నాడు కెండ్రాతో, నేను అక్కడ లేనట్టే.

"నలభై ఏళ్ళుగా చేస్తున్నాను బాబూ, ఇంకెలా ఉండాలి?" అన్నాను.

సంచిలోంచి కొత్త ఏప్రాన్ తీశాడు. షాపు చీటీ ఇంకా వేలాడుతోంది. నా బ్రోచ్ మీదుగా కట్టబోయారు. నా నడుముకి అది చాలదు, వెనక ముడి పడలేదు, పిన్నులు గుచ్చారు. అంతటితో ఆగితే ఈ అర్జీ ఉండేది కాదేమో. ఒక పొట్లం విప్పి నా రొమ్ముల మీదా, చేతుల మీదా పిండి చల్లాడయ్యా! శాసనసభ వరండాలో, వచ్చేపోయేవాళ్ళు చూస్తుండగా! పసిబిడ్డకు పౌడరు అద్దినట్టు అద్దాడు. "ఇప్పుడు నిజంగా ఉంది" అన్నాడు. ఛీ! నలభై ఏళ్ళలో ఒక్కనాడు పిండి చేతులతో బ్యాంకు గుమ్మం తొక్కలేదు నేను. అది కెండ్రాకు తెలుసు. తెలిసి నా పక్కన తల దించుకుని నిలబడింది.

4. పిమ్మట సెనేటర్ లిండ్‌క్విస్ట్ గారి గదిలోనికి ప్రవేశపెట్టబడితిమి. కెండ్రా ఒక్క నిమిషంలో నా కథ చెప్పవలెను. అద్దం ముందు పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. నా పొయ్యికి బ్యాంకు అప్పిచ్చిన మాట నిజం. నేను తెల్లవారకముందే లేస్తానన్నది నిజం. "భర్తను పోగొట్టుకుని ఒంటరిగా పోరాడుతున్న మహిళ" అన్నది పచ్చి అబద్ధం. మా ఆయన ఎడ్ నన్ను వదిలేసి అరిజోనాలో హాయిగా గోల్ఫ్ ఆడుకుంటున్నాడు. చట్టం కోసం వాడిని చంపి నన్ను విధవను చేశారు. చంపే పనైతే నేనే చంపుకునేదాన్ని, వీళ్ళెవరు?

ఆ సెనేటరమ్మ మంచి మనిషి. అంతా విని, "మిల్ ఫోర్క్ శాఖ వేసవిలో మూసేస్తున్నారట కదా, ఆ తర్వాత ఈవిడ ఏ బ్యాంకుకు వెళ్తారు?" అని అడిగింది.

ఆ మాట నేను వినడం అదే మొదలు. గేల్ చెయ్యి చెవి మీదికి పోవడం నాకు పక్కచూపులో కనిపించింది. వాడు చెవి పట్టుకుంటే మాట మళ్ళించమని సైగట, తరువాత తెలిసింది.

"ఆ వివరాలు మీకు త్వరలో అందజేస్తాం సెనేటర్ గారూ" అంది కెండ్రా.

"నాకెవరూ చెప్పలేదమ్మా! మూసేస్తారా? నిజమేనా?" అని లేచాను.

"ఆవిడ కాస్త కంగారు పడుతున్నారు, ఇలాంటి చోట్లకు అలవాటు లేదు" అని గేల్ నా భుజం పట్టుకుని బయటకు నడిపించాడు. తలుపు దగ్గర తరువాతి హీరో సిద్ధంగా ఉన్నాడు. ఎవరో పశువుల కాపరి, పాపం, కొత్త టోపీ పెట్టించారు.

వాళ్ళు అడుగుతున్న చట్టం ఏమనగా, ఇకమీదట శాఖ మూసే ముందు ఊళ్ళో బహిరంగ విచారణ జరపనక్కరలేదు. అదయ్యా చిన్న దుకాణాలకు మేలు. ఆ చట్టాన్ని కోరుతున్న ఖాతాదారుల వరుసలో నా పేరు ఉన్నదట. పిండితో సహా నా ఫోటో ఉన్నదట.

5. ఆ సాయంత్రం విందులో కెండ్రాకు "అందరిలోకీ బలమైన గొంతు" అని గాజు బహుమతి ఇచ్చినారు. చప్పట్లు కొట్టినారు. నా ముందు పెట్టిన కోడిమాంసం ముట్టలేదు.

తిరుగు ప్రయాణంలో బస్సులో అడిగాను. "నీకు ముందే తెలుసా?"

"తెలీదు ఆంటీ, ఒట్టు."

"సెనేటరమ్మ అడిగాక తెలిసిందిగా. అప్పుడేం చేశావు?"

ఏడ్చింది. "ఏడవకే, నాకు ముఖం కనపడదు, నీ ఏడుపు దండగ" అన్నాను. అన్నానేగాని రుమాలు తీసి దాని చేతిలో పెట్టాను. ఆ పిల్లకి కాగితాలు చదవడం రాని రోజుల నుంచి తెలుసు నాకు. ఇప్పుడు నాకు కాగితాలు చదివేది అదే.

కావున అయ్యా, ఇంకా పాత చట్టమే అమలులో ఉన్నది గనుక, కొత్తది వచ్చేలోగా మిల్ ఫోర్కులో విచారణకు తేదీ వేయవలెను. నేను నీలం గౌనులో వచ్చి నా మాట నేనే చెప్పుకుంటాను. అక్కడ నా పేరిట చెప్పిన మాటలు నావి కావని రాసుకుని, నా పేరూ ఫోటో వాళ్ళ వరుసలోంచి తీయించవలెను. ఇంతకుమించి నాకు ఏ హీరోతనమూ అక్కరలేదు.

ఇదంతా దయతో చిత్తగించి, రోడ్డు దాటి బ్యాంకుకు పోగలిగిన నా బతుకును నాకు మిగల్చవలెనని వేడుకొనుచున్న,

తమ విధేయురాలు,
డెలోరిస్ హవ్రానెక్

తా.క. ఈ అర్జీ రాసిపెట్టింది కెండ్రాయే. "సవినయముగా", "సదరు" వగైరాలు దానివి. తిట్లు నావి. తనను తిట్టినవి కూడా ఒక్క మాట మార్చకుండా ముక్కు చీదుకుంటూ టైపు చేసింది. పిండి ముద్ద మాట ఒక్కటే వద్దంది, అదీ మీరు నన్ను రౌడీ అనుకుంటారేమోనని. అంతా అయ్యాక కింద సాక్షిగా తన పేరు పెడతానంది. "పెడితే నీ ఉద్యోగం ఊడుతుందే పిచ్చిదానా" అన్నాను. "మీ ఆందోళనను గౌరవిస్తున్నాను ఆంటీ" అని సంతకం పెట్టేసింది. విచారణలో నాకంటే ముందు తనే మాట్లాడుతుందట. శాఖ మూసే సంగతి బ్యాంకులో ఎవరికి ఎప్పటి నుంచి తెలుసో కనుక్కుందట, పేర్లతో సహా చెబుతుందట. అప్పుడు ఎవడు చెవి పట్టుకుంటాడో చూస్తాను.

ఆ ఏప్రాన్ చెత్తలో పడేద్దామని తీసి, ఎందుకో కెండ్రాకు కట్టి చూశాను. పిన్నులు అక్కర్లేకపోయింది. వెనక ముడి చక్కగా పడింది. ఉద్యోగం ఊడితే పనికి రమ్మని, మా దుకాణం తెల్లవారుజామున నాలుగింటికి తెరుస్తామని, ఆలస్యమైతే ఊరుకోనని చెప్పాను.

సాక్షి: కెండ్రా సోబోట్కా