మందు కొట్టని మడి

నూజివీడు, 3 డిసెంబరు 1964

మహారాజశ్రీ దుంపల పరిశోధన ఆఫీసరు భాస్కరరావు గారికి, మామిడి రైతు ఇన్నయ్య నమస్కరించి రాసేది.

మీ మందు డబ్బా అందిందండి. మీరు చెప్పినట్టే మామిడి మొక్కల మధ్య ఖాళీలో రెండు మళ్ళు కట్టి, చక్కెర తీసే షుగర్ బీట్ దుంప గింజలేశాం. ఒకటో మడిలో కలుపు మందు కొట్టాలి. రెండోదాన్ని ఊరికే వదిలెయ్యాలి. రెండిట్లో కలుపు ఎంతుందో లెక్కపెట్టి మీకు రాయాలి. అంతా క్లియర్‌గా అర్థమైంది. భయమేం లేదు.

ఒకటే డౌటు. మందు కొట్టిన చోట ఏదీ కోసుకుని తినకూడదని డబ్బా మీద ఇంగ్లీషులో ఉంది. ఇక్కడేమో బీట్ కన్నా ముందే తోటకూర, గంగపాయల కూర, చెంచలి కూర లేచి కూర్చున్నాయి. మా కూలీ మంగమ్మ చూసి, "ఇది కలుపేంటండీ, కూర కదా!" అంటోంది. ఏది కలుపో, ఏది కూరో తమరే తేల్చాలి.

ఇట్లు,
ఇన్నయ్య

తా.క. జవాబు ఇంటికి పంపొద్దు, పోస్టాఫీసులోనే ఉంచమనండి. స్కూలుకి వెళ్తూ తీసుకుంటాను. అంటే, స్కూలు పక్కన నాకు పనుంటుంది.

10 డిసెంబరు 1964

శ్రీ ఇన్నయ్య గారికి నమస్కారాలు.

మీ డౌటు చదివి ఆఫీసంతా నవ్వుకున్నాం. బీట్ మడిలో బీట్ కానిదంతా కలుపే. గులాబీ మొలిచినా కలుపే! మీ మంగమ్మగారి మాటలు పట్టించుకోకుండా ధైర్యంగా కొట్టెయ్యండి. రెండు వారాల్లోపు లెక్క పంపండి.

మీ విధేయుడు,
భాస్కరరావు

తా.క. మీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఈ వయసులో, పొలం పనులు చేసుకుంటూ! మా గుమాస్తా సుబ్బారావుకి మీ ఉత్తరం చూపించి సిగ్గుపడమన్నాను.

నూజివీడు, 22 డిసెంబరు 1964

ఆఫీసరు గారికి నమస్కరించి రాసేది.

లెక్క పూర్తయింది. ఒకటో మడిలో కలుపు సున్నా. రెండో మడిలోనూ సున్నా. రెండుసార్లు చూశాను. బీట్ ఆకులు మాత్రం అరచేతంత అయ్యాయి. ఇక మనం ఈ విషయం గురించి ఉత్తరాలు రాసుకోనక్కర్లేదనుకుంటాను.

ఇట్లు,
ఇన్నయ్య

తా.క. మంగమ్మ మీకు థాంక్స్ చెప్పమంది. ఎందుకో నాకు తెలీదు.

8 జనవరి 1965

రైతు సోదరులు ఇన్నయ్య గారికి అభినందనలు!

రాసుకోకపోతే ఎలాగండీ! మందు కొట్టని రెండో మడిలో కూడా కలుపు లేదంటే ఏమిటర్థం? మందు ఆవిరై, గాల్లో ఎగిరి, పక్క మడి మీద కూడా పని చేసిందన్నమాట. ప్రపంచంలో ఎక్కడా ఇలా జరగలేదు. చుట్టుపక్కల తోటల్లో కలుపేమైనా చచ్చిందేమో చూసి రాయండి. ఉంగుటూరు దాకా పాకిందేమో!

జిల్లా రైతులందరూ ఈ మందే వాడాలని మూడు వేల కరపత్రాలు అచ్చుకి ఇస్తున్నాం. ఫిబ్రవరి ఒకటిన డైరెక్టరుగారు, ఫోటోగ్రాఫరు, నేను మీ మడికి వస్తున్నాం.

మీ విధేయుడు,
భాస్కరరావు

తా.క. ఫోటోకి తలపాగా కట్టుకోండి. మీసం ఉంటే కాస్త దువ్వండి.

నూజివీడు, 12 జనవరి 1965

అయ్యా,

మీసం లేదండి. నేను ఇన్నయ్య గారి అమ్మాయిని. పేరు జోజమ్మ, తొమ్మిదో క్లాసు, కాన్వెంటు.

నాన్నకి ఇంగ్లీషు రాదు. అందుకని పరిశోధన మొత్తం నాకు అప్పగించి, ఆదివారం చర్చిలో పూజ అవగానే గుడి మెట్ల మీద నిలబడి, "మా మళ్ళో గవర్నమెంటు పరిశోధన జరుగుతోంది" అని అందరికీ చెప్పాడు.

నేను మందు కొట్టలేదండి. కొడదామనే వెళ్ళాను. అక్కడ మంగమ్మా ఇంకో నలుగురూ కూర కోసి ఒళ్ళో వేసుకుంటున్నారు. "మంగమ్మత్తా, రేపట్నుంచి ఇక్కడ కొయ్యకూడదు" అన్నాను. "కొయ్యకపోతే రేపు మా పిల్లలకేం పెట్టనే, నీ దుంపలా?" అంది. డబ్బా సీలు కూడా తియ్యకుండా గడ్డివాములో దాచేశాను.

ఐదుగురూ రోజూ సాయంత్రం రెండు మళ్ళూ ఏరేసి పట్టుకెళ్తారు. అందుకే సున్నా. లెక్క కరెక్టే, మందు మాత్రం గాల్లో ఎగరలేదు.

మీ కరపత్రం చూసి అందరూ కొడితే, అక్కడ కూడా ఎవరో ఒకరు కూర కోసుకుంటుంటారు కదండీ. నాన్నకి తెలిస్తే చదువు మాన్పిస్తాడని భయంగా ఉంది. కానీ ఆ మూడు వేల కాగితాలు తల్చుకుంటే ఇంకా ఎక్కువ భయంగా ఉంది. అచ్చు ఆపించండి, ప్లీజ్.

ఇట్లు,
జోజమ్మ

తా.క. సుబ్బారావు గారికి సారీ చెప్పండి. నాకు చేతిరాత పోటీలో ఫస్ట్ ప్రైజు వచ్చింది, ఆయనకి వచ్చుండదు.

21 జనవరి 1965

చిరంజీవి జోజమ్మకి ఆశీస్సులు.

నువ్వు మందు కొట్టలేదని బాధపడకు. కొట్టినా ఏమయ్యేది కాదు. మొన్న ఆఫీసుకి వెల్ల వేయిద్దామని సున్నం బస్తా విప్పితే, అందులో అసలు మందుంది. చిన్న డబ్బాల్లోకి సర్దేటప్పుడు మా స్టోర్‌కీపరు బస్తాలు తారుమారు చేసి, ఈ పరిశోధనలో ఉన్న పన్నెండు మంది రైతులకీ మందు బదులు సున్నం పంపాడు.

మిగతా పదకొండు మందీ మందు అమోఘమని రాశారు. ఒకాయన కలుపు మాడి మసైందన్నాడు. ఇంకొకాయన మూత తియ్యగానే ఆ వాసనకే చచ్చిపోయిందన్నాడు. ఆయన్ని మెచ్చుకుంటూ రెండు పేజీలు రాసింది నేనే. ఆ ఉత్తరం ఎలా వెనక్కి తెప్పించుకోవాలో తెలీడం లేదు.

అచ్చు ఆపించాను. ఫోటో ప్రయాణం కూడా మానుకున్నాం. ఈసారి మడి చూసే ముందు, అక్కడ కూర కోసుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడుగుతాం. మీ నాన్నగారికి నేనే రాశాను. తప్పు మా ఆఫీసుదనీ, పన్నెండు లెక్కల్లో నిజమైంది మీ మడి లెక్క ఒక్కటేననీ, అది రాసిన అమ్మాయి వచ్చే ఏడు కూడా మాకు కావాలనీ. చదువు మాన్పిస్తే డబ్బా మీద ఇంగ్లీషు మాకెవరు చదివిపెడతారని కూడా అడిగాను.

ఇట్లు,
భాస్కరరావు

తా.క. నీ ఉత్తరం డైరెక్టరుగారికి చూపించాను. మొత్తం చదివినట్టు లేరు. రెండు మళ్ళూ శుభ్రం చేసిన మంగమ్మని ఎకరానికి ఎన్ని గాలన్ల నీళ్ళలో కలపాలో వెంటనే తెలపమన్నారు.