మెంతుల హాజరుపట్టీ

మార్చి 3, ఉదయం 6:10
అమ్మడూ, ఆ డాక్టరు నా దగ్గర చదువుకున్నాడని నిన్న ఫోనులో అన్నావు. చదువుకోలేదు. ఎనిమిదో తరగతిలో నా ఎదురుగా కూర్చున్నాడు, అంతే. జీవశాస్త్రం పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాస్తుంటే పట్టుకుని సున్నా వేశాను. ఇప్పుడు వాడు నాకు పరీక్ష పెట్టాడు. పదమూడో తారీకుకి పరగడుపు షుగరు 150కి దిగకపోతే ఇన్సులిన్ సూది. సూదంటే భయం లేదు. వాడి ముందు తప్పడమంటేనే.

మెంతులు తాగుతానన్నాను. "తాగండి టీచర్, మాత్ర మాత్రం మానకండి" అన్నాడు.

ఈరోజు: 186. పద్ధతి: రాత్రి చెంచాడు మెంతులు నానబెట్టాలి. పొద్దున్నే నీళ్ళు తాగి, గింజలు నమలాలి. నువ్విచ్చిన ఈ డైరీలో ఇంట్లో షుగర్ మిషను చూపే అంకెలు రాసి, పదమూడున వాడికి చూపించాలి.

మార్చి 4, 6:00
178. రోజుకి ఎనిమిది చొప్పున తగ్గితే పదమూడుకి 106. వాడి మొహం చూడాలి.
ఒక్కో గింజ ముప్ఫై రెండుసార్లు నమిలాను. పళ్ళు అన్ని లేకపోయినా.

మార్చి 6, 6:30
181. నిన్న నోట్లో చేదు మధ్యాహ్నందాకా పోలేదు. విరుగుడుగా బిస్కెట్టు. ఒకటే. మందులో భాగం కాబట్టి లెక్కలోకి రాదు.
ఈరోజు నీళ్ళు మాత్రం తాగాను. గింజలు తర్వాత నములుదామని తడిగుడ్డలో మూటకట్టి పెట్టాను.

మార్చి 8, 7:15
195. మిషను మీద నమ్మకం పోయింది. "మిషనుకేం రోగం లేదోయ్, నీకే" అన్నారు మీ తాతయ్య. ఆయన రాయిలా ఉంటారట. జన్మలో పరీక్ష చేయించుకోలేదు.
మూట విప్పితే మొలకలు! హాజరు తీసుకున్నాను. మొత్తం 143. హాజరు 134. గైర్హాజరు 9. నలభై ఏళ్ళ సర్వీసులో ఏ తరగతీ ఇంత బుద్ధిగా రాలేదు. వీళ్ళని నమలమంటే ఎలా? కుండీలోకి మార్చాను.
బిస్కెట్లు రెండు. చేదు లేదు, అలవాటు.

మార్చి 10
షుగర్ మిషను కనపడలేదు. వెతకలేదు.
పిల్లలు రెండాకులు వేశారు. బిస్కెట్లు రెండు.

మార్చి 12, సాయంత్రం 4:00
రేపే పరీక్ష. మిషను దొరికింది. పొద్దున 209. ఒక ఆలోచన వచ్చింది. రాయడానికి సిగ్గుగా ఉంది, రాస్తున్నాను. మీ తాతయ్య వేలు. ఆయన అంకె నాదని రాస్తే?

మార్చి 13, 6:20
నాది 212.
"ఏమండీ, మీ వేలొకసారి ఇటివ్వండి."
"ఎందుకోయ్?"
"ఊరికే, మిషను పరీక్షిస్తున్నా."
గుచ్చాను. 243.
ఇద్దరం మిషను వంకే చూశాం.
"పాడైనట్టుందోయ్" అన్నారు.
"మిషనుకేం రోగం లేదన్నారుగా?"
బిస్కెట్ల డబ్బా తెరిచాను. కొన్నవి ఇరవై నాలుగు. నేను తిన్నవి అయిదు. డబ్బా ఖాళీ.
ఆర్నెల్లుగా ఈ మనిషి చెంబులకొద్దీ నీళ్ళు తాగుతుంటే, నా కూరలో ఉప్పెక్కువని దెప్పుతున్నారనుకున్నాను. నలభై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పాను అమ్మడూ.

11:40
ఇద్దరం వెళ్ళాం. డైరీ వాడి చేతికే ఇచ్చాను. మొత్తం చదివి కళ్ళజోడు తీశాడు.
"కాపీ కొట్టడానికి ఈయనే దొరికారా టీచర్?"
"పక్కన కూర్చున్నది ఈయనే కదా నాయనా."
నాకు సూది. మీ తాతయ్యకి మాత్రలు, ఇంకా నాలుగు పరీక్షలు. ఇంకో ఆర్నెల్లు ఆగితే కళ్ళకో కిడ్నీలకో వచ్చేదట. అది చెప్పేటప్పుడు డాక్టరుగారు నవ్వలేదు. గుమ్మందాకా వచ్చాక మాత్రం, "మెంతులు తాగొచ్చు టీచర్. హాజరు తీసుకోకండి" అన్నారు.

మార్చి 14, 6:05
మళ్ళీ మొదటి రోజు. సూది నేనే పొడుచుకున్నాను. నొప్పి లేదు. మీ తాతయ్య గింజ నోట్లో వేసుకుని, పదవీ విరమణ రోజున కూడా పెట్టని మొహం పెట్టారు.
ఈ పేజీ ఫోటో తీసి నీకు పంపుతున్నాను. సాయంత్రం వచ్చేటప్పుడు పావుకిలో మెంతులు, షుగర్ మిషను స్ట్రిప్పులు రెండు డబ్బాలు, మూతలున్న గ్లాసులు రెండు తే. మూతలు వేరువేరు రంగులవి చూడు. ఈసారి ఎవరిది వాళ్ళే తాగాలి.